అమ్మ చెప్పిన సాక్ష్యం

గురువారం సాయంత్రం రువైస్ బస్సు ఎప్పుడూ ఆలస్యమే. నేను ఆసుపత్రిలో డ్యూటీ దిగి, యూనిఫాం అయినా మార్చుకోకుండా అబుదాబి బస్టాండుకు పరుగెత్తేదాన్ని. ఆయనగారు మాత్రం అందరూ దిగాక, తాపీగా, చేతిలో ప్లాస్టిక్ సంచితో దిగేవాడు. అందులో యాపిల్ పళ్ళు. కంపెనీ మెస్సులో రోజుకొకటి ఇచ్చేవారు. తను తినకుండా వారమంతా దాచి నాకు తెచ్చేవాడు. శనివారం ఇచ్చింది గురువారానికి ముడతలు పడిపోయేది. అబుదాబిలో యాపిల్ పళ్ళకు కరువొచ్చిందా మావయ్యా అని విసుక్కునేదాన్ని. విసుక్కుంటూనే బెంచీ మీద కూర్చుని అన్నీ తినేదాన్ని.

మావయ్య అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. నాకు మొగుడు. మా గోదావరి వైపు ఈ మాట చెబితే ఎవరూ తల తిప్పి చూడరు. మేనమామను చేసుకున్న పిల్లను అదృష్టవంతురాలంటారు, ముక్కూ మొహం తెలియని ఇంట్లో పడకుండా అమ్మమ్మ ఇంటికే కోడలుగా పోయిందని. ఆ మాట ఇంకో దేశంలో ఎలా వినిపిస్తుందో మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. అడగాలని తోచడానికి అందులో వింతేముంది?

మా నాన్న పోయినప్పుడు నేను రెండో తరగతి. అమ్మ నన్ను హాస్టల్లో పెట్టి దుబాయ్ వెళ్ళింది. మా ఊళ్ళో అరబ్బుల దేశం ఏదైనా దుబాయే. అమ్మ నిజానికి చేరింది అజ్మాన్‌లో, ఒక పెద్ద కుటుంబం ఇంట్లో వంటపనికి. కొన్నేళ్ళకు ఆ ఇంటి యజమానిని బతిమాలి తమ్ముడికీ వీసా ఇప్పించింది. మావయ్య వెల్డింగు నేర్చుకుని అక్కడా ఇక్కడా పనిచేసి, చివరికి రువైస్‌లో రిఫైనరీ పనికి కుదిరాడు. ఇసుక, సముద్రం, పొగగొట్టాలు తప్ప చూడ్డానికేమీ లేని ఊరు. నేను నర్సింగు చదివి అమెరికా వెళ్ళాను. ఆసుపత్రివాళ్ళే గ్రీన్ కార్డు చేయించారు. ముగ్గురం మూడు చోట్ల పడ్డాం.

పెళ్ళి మాట ఎత్తింది అమ్మ కాదు, నేనే. చిన్నప్పుడు నేను మావయ్యను చూసింది తక్కువ. సెలవుల మీద వచ్చినప్పుడు కనిపించేవాడు, రెండు మాటలు మాట్లాడి పారిపోయేవాడు. అమెరికా వెళ్ళాకే ఫోన్లో మా ఇద్దరికీ మాటలు కలిశాయి. ఆదివారం పూట అతని ఫోను రాకపోతే నాకు అన్నం సయించని రోజులు వచ్చేసరికి, ఇంక సిగ్గుపడి లాభం లేదని అమ్మకు చెప్పేశాను. అమ్మ ఫోన్లోనే ఏడ్చేసింది. తను అడగాలని ఎన్నేళ్ళుగానో అనుకుంటోందట. చదువుకున్న పిల్లను, వెల్డరును చేసుకోమని ఎలా అడగనని నోరు కట్టుకుందట.

రెండువేల మూడులో అన్నవరంలో పెళ్ళయింది. అటు నేను, ఇటు వాళ్ళిద్దరూ, దొరికిన కాస్త సెలవులో వచ్చి, తాళి కట్టించుకుని ఎవరి విమానం వాళ్ళు ఎక్కేశాం. నేను వెళ్ళగానే అతని గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టాను. నాలాంటి గ్రీన్ కార్డు వాళ్ళ భర్తలకు ఏళ్ళ తరబడి క్యూ ఉంటుందని అప్పుడే తెలిసింది. ఏడాది ఓపిక పట్టాను. ఇంక నావల్ల కాలేదు. రెండేళ్ళు బయట ఉన్నా కార్డు పోకుండా అనుమతి తెచ్చుకుని, అబుదాబిలో ఒక ఆసుపత్రిలో తాత్కాలిక ఉద్యోగం చూసుకుని వచ్చేశాను. ఆ రెండేళ్ళలో అతని కాగితం పూర్తవుతుంది, ఇద్దరం కలిసి ఎగిరిపోతాం అని నా లెక్క.

వచ్చాక తెలిసింది మా కాపురం సంగతి. నర్సుల క్వార్టర్సులోకి మగవాళ్ళను రానివ్వరు. రువైస్ క్యాంపులోకి ఆడవాళ్ళను రానివ్వరు. పెళ్ళయినవాళ్ళం, సముద్రం ఒడ్డున కార్నిష్ మీద సిమెంటు బెంచీల మీద సంసారం చేశాం. ఎండ ముదిరితే ఏదో ఒక కెఫెటీరియాలో కరక్ చాయ్ తాగుతూ కూర్చోవడం. ఎప్పుడైనా స్నేహితుడెవరో జాలిపడి తన గది తాళం ఇస్తే, ఆ గదిలో నేను మొదట చేసే పని అన్నం వండటం. వేడి వేడి అన్నంలో పప్పు వేసుకుని, కింద చాప మీద ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం. పక్క గదిలో ఎవరి దగ్గో వినిపిస్తూ ఉండేది. అయినా నాకు ఏడుపొచ్చేంత సంతోషంగా ఉండేది.

ఇవన్నీ అమ్మకు చెబితే, ఎన్నాళ్ళో కాదులేవే, నీ కాగితాలు అయిపోతాయి కదా అనేది. అమ్మకు అమెరికా మీద పెద్ద మోజేమీ లేదు. ఆవిడ కోరిక ఒక్కటే. ముందు మావయ్య వెళ్తాడు, నాకు పౌరసత్వం వచ్చాక అమ్మనూ పిలిపించుకుంటాను, అప్పుడు ముగ్గురం ఒక ఇంట్లో ఉంటాం. ఆ ఇంట్లో తనకో వంటిల్లుంటుంది. అజ్మాన్ ఇంట్లో అంతమందికీ వండి, అందరూ తిన్నాక, గిన్నెలు కడిగే గట్టు దగ్గర నిలబడి తినడం ఆవిడకు అలవాటైపోయింది. "నా వంటింట్లో పీట వేసుక్కూచుని తింటానే. ఎవరు పిలిచినా లేవను," అనేది. మా మొత్తం దరఖాస్తు ఆ పీట కోసమే అన్నట్టు ఉండేది నాకు.

రెండువేల అయిదులో అమెరికా నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. అక్కడ నాతో గదిలో ఉన్న నర్సు కొరియర్లో పంపింది. మీది నిజమైన పెళ్ళే అనడానికి ఇంకా రుజువులు పంపండి అని దాని సారాంశం. ఇద్దరి పేరుతో ఉన్న అద్దె ఇల్లు, కరెంటు బిల్లు, బ్యాంకు ఖాతా, కలిసి దిగిన ఫొటోలు అడిగారు. మా దగ్గరేమున్నాయి? సిమెంటు బెంచీకి అద్దె రసీదు ఎవరిస్తారు? పెళ్ళి ఫొటోలు కూడా కాసినే. ఆ రోజు అన్నవరంలో ఫొటోగ్రాఫరు ముగ్గురు పెళ్ళికూతుళ్ళ మధ్య పరుగులు పెడుతూ మాకు నాలుగు తీసి పోయాడు. చివర్లో ఇంకో మాట ఉంది. మీ ఇద్దరినీ బాగా ఎరిగినవాళ్ళు ఎవరైనా ప్రమాణం చేసి సాక్ష్యం రాసి ఇవ్వవచ్చు అని.

అమ్మకు ఆ మాట చదివి వినిపించగానే, మీ ఇద్దరినీ నాకన్నా ఎరిగినవాళ్ళు ఈ భూమ్మీద ఎవరున్నారని ఎగిరి గంతేసింది. నిజమే కదా అనిపించింది.

అజ్మాన్ ఇంటి మేడమ్‌ను అడిగి అమ్మ ఒక పూట సెలవు తీసుకుంది. దుబాయ్‌లో మన కాన్సులేటు దగ్గర టైపింగ్ సెంటర్లో కలుసుకున్నాం. కాగితం కావలసిన ప్రతివాడూ వెళ్ళి కూర్చునే చోటు అది. అమ్మ పైన వేసుకున్న నల్ల అబాయా విప్పి మడిచి ఒళ్ళో పెట్టుకుంది. లోపల నా పెళ్ళిలో తను కట్టిన పట్టుచీర కట్టుకుని వచ్చింది. సాక్ష్యం చెప్పడానికి పట్టుచీర ఏంటమ్మా అంటే, నా నోటి మాట అమెరికా వెళ్తోంది, ఊరికే వెళ్తుందా అంది. ఆవిడ తెలుగులో చెప్పడం, నేను ఇంగ్లీషులో చెప్పడం, మలయాళీ అబ్బాయి టైపు చెయ్యడం. పేర్లు, ఊళ్ళు, పెళ్ళి జరిగిన చోటు అయ్యాయి. నేను చాలనుకున్నాను. అమ్మ చాలదంది.

"అసలు మాట రాయలేదేంటే? పెళ్ళికొడుకు నా తోడబుట్టినవాడు. పెళ్ళికూతురు నా కడుపున పుట్టింది. నా చేతుల్తో ఇద్దర్నీ కలిపాను. దొంగ పెళ్ళయితే సొంత అక్క చేస్తుందా అని రాయించు."

నేను అలాగే చెప్పాను. ఆ టైపు అబ్బాయి చేతులు ఆపేసి, నా వైపూ అమ్మ వైపూ చూసి, మీలో మామను చేసుకుంటారా అని హిందీలో అడిగాడు. మాలో అంతకన్నా మంచి సంబంధం లేదు నాయనా అని అమ్మ గర్వంగా చెప్పింది. అతను భుజాలెగరేసి టైపు చేసేశాడు. బయటికొచ్చాక ఆ కుర్రాడి మొహం తలుచుకుని ఇద్దరం నవ్వుకున్నాం. పాపం, వాళ్ళలో ఈ వరస లేదు కాబోలు అని జాలి కూడా పడ్డాం.

తరవాత నెలల తరబడి ఏ కబురూ లేదు. రెండో ఉత్తరం వచ్చిన రోజు నేను వార్డులో డ్యూటీలో ఉన్నాను. మందుల బీరువా పక్కన నిలబడి చింపాను. పెళ్ళి నిజం కాదని వాళ్ళు అనలేదు. నిజమేనని నమ్మారు. నమ్మాకే వచ్చింది చిక్కు. వధువు తల్లి ప్రమాణపత్రం ప్రకారం వరుడు ఆవిడకు సొంత తమ్ముడు. మీరు నివాసంగా చూపించిన రాష్ట్రంలో ఇలాంటి సంబంధం నేరం. మీ దేశంలో చెల్లినా ఆ రాష్ట్రంలో ఈ పెళ్ళి చెల్లదు. కాబట్టి మీ దరఖాస్తు ఎందుకు కొట్టెయ్యకూడదో గడువులోగా చెప్పండి. ఇదీ సంగతి. ఆ నేరానికి ఒక పేరు కూడా రాశారు. నాకు ఆ ఇంగ్లీషు ముక్క తెలియదు. ఆసుపత్రి లైబ్రరీలో నిఘంటువు తీసి చూశాను. చూసి, పుస్తకం మూసి, బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను.

వావి వరసలు లేనివాళ్ళమట మేము! మా వైపు అయిదేళ్ళ పిల్ల చెబుతుంది ఎవరు అన్న, ఎవరు బావ, ఎవరింటికి కోడలుగా పోవచ్చు, ఎవరికి రాఖీ కట్టాలి అని. పినతల్లి కొడుకు వైపు కన్నెత్తి చూస్తే కాళ్ళు విరగ్గొడతారు. వరస చూడకుండా మాలో ఏ పెళ్ళీ జరగదు. అలాంటి మమ్మల్ని, అసలు నోటితో అనలేని మాట అన్నారు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇన్నేళ్ళయినా పూర్తిగా చల్లారలేదు. వాళ్ళ దేశం, వాళ్ళ చట్టం, ఒప్పుకుంటాను. ఆ మాట మాత్రం ఒప్పుకోను.

గురువారం మావయ్య వచ్చాక ఉత్తరం తెలుగులో చెప్పాను. ఆ పదం దగ్గరికొచ్చేసరికి నాలుక తిరగలేదు. మరీ దగ్గరి బంధువులమట అని సరిపెట్టాను.  అతను ఒకటే అడిగాడు, అక్క చెప్పిన మాట వల్లేనా అని. అవునన్నాను. అక్కకు తెలియనివ్వద్దన్నాడు. ఆ రోజు తెచ్చిన పళ్ళు ఇద్దరం ముట్టుకోలేదు. బెంచీ మీదే ఉండిపోయాయి.

అమెరికాలో ఒక లాయరుకు ఫోన్ చేశాను. ఆవిడ మంచిదే, విసుక్కోకుండా చెప్పింది. ఒకటి రెండు రాష్ట్రాల్లో ఇలాంటి పెళ్ళిని ఒప్పుకున్న సందర్భాలు ఉన్నాయట. నేను ఒక్కదాన్నే వెనక్కి వెళ్ళి, అలాంటి చోట కాపురం పెట్టి, నర్సు లైసెన్సు మళ్ళీ తెచ్చుకుని, దరఖాస్తు మళ్ళీ పెట్టి, క్యూలో మళ్ళీ నిలబడాలి. అప్పటికీ ఖాయం కాదంది. నా రెండేళ్ళ అనుమతి అప్పటికే చివరికొచ్చింది. మావయ్య వెళ్ళమన్నాడు. ఇన్నేళ్ళు ఆగాం, ఇంకొన్నేళ్ళు ఆగుదాం, అక్క వంటింటి కోసమైనా వెళ్ళు అన్నాడు. నేను ఏమీ తేల్చలేదు.

అమ్మ ప్రతి శుక్రవారం ఫోన్ చేసి, నా సాక్ష్యం పనికొచ్చిందా అని అడిగేది. నేను ఏదో ఒకటి చెప్పి దాటేసేదాన్ని. మావయ్యకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఒక రోజు అక్క గట్టిగా నిలదీసేసరికి మొత్తం చెప్పేశాడు.

ఆ తరవాతి శుక్రవారం చెప్పాపెట్టకుండా అమ్మ అబుదాబిలో దిగింది. అజ్మాన్ నుంచి రెండు బస్సులు మారి ఒక్కతే వచ్చింది. అన్నేళ్ళలో ఆవిడ ఒంటరిగా అంత దూరం ఎప్పుడూ రాలేదు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. బెంచీ మీద మా ఇద్దరి మధ్య కూర్చుని, అబాయా చేతి అంచుతో మొహం తుడుచుకుని, ఏదో బేరం మాట్లాడటానికి వచ్చినదానిలా మొదలుపెట్టింది.

"ఇంకో కాగితం రాయించవే. ఈడు నా తమ్ముడు కాదని రాయించు. ఎక్కడో దొరికితే మా అమ్మ తెచ్చి పెంచుకుందని. ఎక్కడ వేలు పెట్టమంటే అక్కడ పెడతాను."

ఆ పెద్దమనిషి ఎలా చెప్పిందంటే, ఉప్పు ఎక్కువైన కూరలో కాసిని నీళ్ళు పొయ్యమని చెప్పినట్టు. నాకు కోపం ముంచుకొచ్చింది. ప్రమాణం చేసి ఒకసారి ఒకటీ, ఒకసారి ఇంకోటీ చెబితే జైల్లో వేస్తారని అరిచాను. వేస్తే వెయ్యనీ, అక్కడైనా కూర్చుని తినొచ్చు అంది. అది హాస్యానికి అన్న మాట కాదు.

 మావయ్య నెమ్మదిగా అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు నడక వచ్చేదాకా నన్ను చంకనేసుకు తిరిగింది నువ్వే కదే అక్కా. అది కూడా లేదని రాయిస్తావా?"

"రాయిస్తాను. నువ్వూ అదీ ఓ చోట ఉంటారంటే, నిన్నసలు ఎప్పుడూ చూళ్ళేదని రాయిస్తాను."

ఆవిడకు తండ్రి లేడు, తల్లి లేదు, మొగుడు లేడు. లోకంలో రక్తం పంచుకుని పుట్టినవాడు ఇతనొక్కడు. వాణ్ణి కాదనుకోవడానికి రెండు బస్సులు మారి వచ్చింది.  అమ్మను కావలించుకుని ఏడ్చాను. ఆవిడ మాత్రం నా వీపు నిమురుతూ, ఏడుపెందుకే, రాయించేసెయ్యి అంటూనే ఉంది. సరే, లాయరును అడుగుతాం అని చెప్పి బస్సెక్కించాం.

ఆ వారమే నేను నిర్ణయించేసుకున్నాను. ఆ కార్డు కోసం ఇంకా ఎవరిని కాదనుకోవాలి? ఇవాళ తమ్ముణ్ణి, రేపు కూతుర్నా? ఎంబసీకి వెళ్ళి కార్డు వెనక్కి ఇచ్చేశాను. కిటికీ అవతల అమ్మాయి, ఎవరైనా బలవంతపెట్టారా అని రెండుసార్లు అడిగింది. ఎవరూ లేరన్నాను. సంతకం పెట్టించుకుని, కార్డు లోపల పెట్టేసుకుంది. దాంతో మావయ్య దరఖాస్తూ పోయినట్టే. అంతే. ఖలాస్. ఎన్నేళ్ళ గోలో క్షణంలో అయిపోయింది.

మావయ్యకు ఆ తరవాత చెప్పాను. పెళ్ళయ్యాక నా మీద మొదటిసారి కోపగించుకున్నాడు. అక్క పీట నువ్వెలా తీసి పారేస్తావని అడిగాడు. రెండు గురువారాలు బస్సు దిగలేదు. మూడో గురువారం వచ్చాడు, సంచితో.

రువైస్‌లో ఆసుపత్రికి నర్సులు కావాలంటే నేను మారిపోయాను. నా ఉద్యోగం మీద ఒక చిన్న క్వార్టరు ఇచ్చారు. కిటికీ తెరిస్తే ఇసుక లోపలికొస్తుంది. అయినా తలుపుకు మా తాళం, మా పొయ్యి. అమ్మను అక్కడికి తెచ్చుకోవడానికి మావి ఆ స్థాయి ఉద్యోగాలు కావు. తల్లికి వీసా ఇవ్వాలంటే నిబంధనలు చాలా ఉన్నాయి, మేము వాటికి అందలేదు. కార్డు ఇచ్చేశానని ఆవిడకు చెప్పనే లేదు. చెబితే తన మాటే మా కొంప ముంచిందని ఆవిడ బతికినన్నాళ్ళూ అనుకుంటుంది. కాగితం నడుస్తోందమ్మా, నీ వేలిముద్ర కావాలంటే లాయరే అడుగుతుంది అని చెబుతూ వచ్చాం. రువైస్‌కు మార్చుకున్నది అతనికి దగ్గరగా ఉండటానికని చెప్పాం. అది అబద్ధం కాదు.

బెంచీ దగ్గర మాట్లాడి వెళ్ళిన రోజు నుంచి అమ్మలో ఒక మార్పు వచ్చింది. అంతకు ముందు మావయ్య ఫోన్ ఎత్తగానే ఒరే, తిన్నావట్రా అనేది. ఇప్పుడు నాతో, అల్లుడుగారు కులాసాగా ఉన్నారా అని అడిగేది. మొదట్లో వేళాకోళం అనుకున్నాను. అజ్మాన్‌లో తెలిసినవాళ్ళతో కూడా అలాగే చెబుతోందని తరవాత తెలిసింది. మా అల్లుడుగారు రువైస్‌లో ఉంటారు, మంచివారు, ఆయనది మా ఊరు కాదు అని. తమ్ముడి మాట ఎవరైనా ఎత్తితే, నాకు తమ్ముళ్ళు లేరనేదట.

రెండువేల ఏడులో ఒక శుక్రవారం. మధ్యాహ్నం భోజనాల వేళ. నేను గోంగూర పప్పు దింపుతున్నాను, మావయ్య పళ్ళేలు పెడుతున్నాడు. ఫోన్ మోగింది. అల్లుడుగారికి ఇవ్వవే, ఒంట్లో ఎలా ఉందో కనుక్కుంటాను అంది అమ్మ. ఆ మధ్య అతనికి జ్వరం వచ్చి తగ్గింది. స్పీకరు నొక్కి ఇచ్చాను. ఆరోగ్యం ఎలా ఉందండీ, వేళకు తింటున్నారా అండీ అని అమ్మ అడుగుతోంది. అతను ఒకటి రెండు మాటలకు ఊఁ కొట్టాడు. ఇంక ఆగలేకపోయాడు.

"అక్కా, ఒక్కసారి ఒరే అనవే. ఎన్నాళ్ళయిందే విని."

అమ్మ గొంతు తగ్గించింది. 

"ఫోన్లో వాళ్ళు వింటారంట బాబూ. నీ కాగితం ఇంకా వాళ్ళ దగ్గరుంది కదా. అది వచ్చేదాకా ఓర్చుకో."

మావయ్య నా వైపు చూశాడు. చెప్పెయ్యి అని నేను చేత్తో సైగ చేశాను. కార్డు లేదు, కాగితం లేదు, వినేవాడెవడూ లేడు, చెప్పేస్తే అతని అక్క అతనికి తిరిగొస్తుంది. చెబుతాడనే అనుకున్నాను. నోరు తెరిచాడు కూడా. గోడ వైపు తిరిగి, గొంతు సవరించుకుని, పుట్టాక మొదటిసారి ఆవిణ్ణి అలా పిలిచాడు.

"అలాగేనండీ, అత్తయ్యగారూ."

అవతల అమ్మ హమ్మయ్య అని నవ్వింది. ఇన్నాళ్ళకు నేర్చుకున్నారు అంది.